మహేశ్వరి చల్లిన నీళ్ళు

మహేశ్వరిని నేను పనిలో పెట్టుకున్నది ఆమెను చూసి కాదు, వాళ్ళ అత్తను తలుచుకుని.

మా పుట్టిల్లు చార్మినార్ దగ్గర. నాన్నకు అక్కడ గిన్నెల దుకాణం ఉండేది. మా అమ్మ విమలాదేవి ఓ పట్టాన ఎవరినీ నమ్మే మనిషి కాదు. కూరగాయల బండివాణ్ణి నమ్మేది కాదు, దర్జీని నమ్మేది కాదు, ఆఖరికి నాన్న తెచ్చిన సరుకును కూడా ఇంట్లో మళ్ళీ తూచి చూసుకునేది. అలాంటి అమ్మ గౌలిపుర నుంచి పాలు తెచ్చే ఒక ముసలమ్మను మాత్రం కళ్ళు మూసుకుని నమ్మింది. "ఆమె పాలల్ల నీళ్ళుంటె చార్మినార్‌కు మీనార్లు లేనట్టె" అనేది. మీ వాసవాంబకు ఇంత కోపం ఎక్కడిదని చుట్టాలు నా గురించి అడిగితే, నాది అమ్మ పోలిక అని నాన్న చేతులు దులుపుకునేవాడు. నమ్మకం విషయంలో కూడా నాది అమ్మ పోలికే.

ఆ ముసలమ్మ కోడలే మహేశ్వరి.

అత్త పోయిన కొన్నాళ్ళకు బర్రెలూ పోయాయి. గౌలిపుర సందులు ఇరుకయ్యాయి, గడ్డి ప్రియమైంది, కొట్టం ఉన్న జాగాలో మేడ లేచింది. మహేశ్వరి భర్త బుచ్చయ్యకు మోకాళ్ళు పట్టేశాయి. ఒకప్పుడు పాలవాళ్ళు చేసే సదర్ పండుగకు దున్నపోతును ముస్తాబు చేసి, దాని పక్కన మీసం తిప్పుకుంటూ నడిచిన మనిషి ఇంటికే పరిమితమైపోయాడు. చివరి బర్రెను అమ్మేశాక మహేశ్వరి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"ఏదన్న పని ఉంటె చూడుండ్రి మేడం. ఊకె కూసుంటె పిచ్చి లేస్తుంది" అంది.

పని ఉంది. కానీ అదేం పనో ఆమెకు చెప్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నేను మలక్‌పేటలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. కాలేజీ వెనక సైకిళ్ళ షెడ్డుకు గోడలు కట్టించి, దానికి ప్రయోగశాల అని పేరు పెట్టి నాకు అప్పజెప్పారు. రేసుకోర్సు వైపు నుంచి గాలి వీస్తే గుర్రాల వాసన వస్తుంది. మాకు యాజమాన్యం అడగకుండా ఇచ్చిన సౌకర్యం అదొక్కటే. అక్కడ నేనూ, ప్రణీత్ అనే నా పరిశోధక విద్యార్థీ బ్యాటరీల కోసం ఒక నల్లటి పొడి తయారుచేస్తాం. మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకునే లిథియం బ్యాటరీలో ప్లస్ వైపు ఉండే పొరను ఆ పొడితో చేస్తారు. దాన్ని కాథోడ్ అంటారు. బ్యాటరీ ఎంత వోల్టేజి ఇస్తుందన్నది చాలావరకు దాని చేతుల్లోనే ఉంటుంది. సెల్‌ఫోన్లలో వాడే వాటికంటే దాదాపు ఒక వోల్టు ఎక్కువ ఇచ్చే పొడి మాది. అయితే అంత వోల్టేజి దగ్గర ఏ చిన్న మలినమూ ఊరుకోదు, బ్యాటరీని లోపలి నుంచి తినేస్తుంది.

ఇదంతా నేను బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెబితే, మహేశ్వరి శ్రద్ధగా విని, "అంటె మస్తు శుభ్రం గావాలె" అంది. నా పాఠం మొత్తం ఆమెకు అంతే అర్థమైంది. పనికి అది చాలు.

యాజమాన్యం వాళ్ళు దసరా దాకా చూస్తామన్నారు. ఆ తర్వాత నేను సరే అంటే పర్మనెంట్ చేస్తారు. ఆ మాట విన్నప్పటి నుంచి మహేశ్వరి మా బీకర్లను పాలగిన్నెలను తోమినట్టు తోమడం మొదలుపెట్టింది. కడిగిన ప్రతిదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. "ఇవి పాలు కావు మహేశ్వరీ, వీటికి వాసన రాదు, పైగా ముక్కుకు మంచిది కాదు" అని ఎన్నిసార్లు కసిరినా అలవాటు పోలేదు. ఆమె వచ్చాక మా గాజు సామాను మీద ఒక్క మరక కనిపించలేదు. ప్రణీత్ అయితే ఆమెను అక్కా అక్కా అంటూ చుట్టూ తిరిగేవాడు, ఆమె టిఫిన్ డబ్బాలో పచ్చడి కోసం కూడా అనుకోండి.

ఇక్కడ మా పొడి ఎలా తయారవుతుందో కొంచెం చెప్పాలి. నికెల్ లవణం ఆకుపచ్చగా, మాంగనీసుది లేత గులాబీ రంగులో, లిథియంది తెల్లగా ఉంటాయి. మూడింటినీ నీళ్ళలో కరిగించి, నిమ్మ ఉప్పు వేసి, పొగను పైకి లాగేసే గాజు తలుపుల గూటిలో సన్నటి వేడి మీద పెడతాం. నీరు ఇగిరి ఆకుపచ్చ పాకమవుతుంది, పాకం జిగురవుతుంది. వేడి ఇంకా పెంచితే ఆ జిగురు ఒక్కసారిగా నురగ కట్టి పొంగుతుంది. పొంగి, తనంతట తానే రగులుకుని, దూదిలా తేలికైన నల్లటి బూడిదగా మిగులుతుంది. ఆ పొంగు మాకు ప్రాణం. మూడు లోహాలూ ఒకదాన్ని వదిలి ఒకటి వెళ్ళకుండా సమంగా నిలిచిపోయేది అప్పుడే. ఆ బూడిదను కల్వంలో నూరి, కొలిమిలో కాల్చి, మెల్లగా చల్లారబెడితే మా పొడి వస్తుంది. ఒక్కో విడతకు గుప్పెడే వస్తుంది.

ఆ వర్షాకాలంలో పుణె వైపు నుంచి ఒక బ్యాటరీ కంపెనీ మా పొడి గురించి విని, తమ దగ్గర పరీక్షించుకోవడానికి ఒక సీసాడు పంపమంది. ఏళ్ళ తరబడి ఆ షెడ్డులో మేం చేసిన పనికి బయటి నుంచి వచ్చిన మొదటి పిలుపు అది. నేను ఆ రోజు క్లాసులో ఎవరినీ తిట్టలేదు, పిల్లలు నాకు జ్వరమనుకున్నారు. విడతకు గుప్పెడు చొప్పున చేస్తూ, దేనికదే పరీక్షిస్తూ, బాగున్నవన్నీ ఒకే సీసాలో పోస్తూ వచ్చాం. ఆఖరి విడత కొలిమిలోంచి వచ్చేసరికి గడువు నెత్తిమీదకొచ్చింది. ఇన్ని విడతలు ఒకేలా వచ్చాక ఇదొక్కటి ఎందుకు తేడా వస్తుందిలే, పరీక్షించకుండానే కలిపేద్దామని ప్రణీత్ అన్నాడు. నేనూ సరేనన్నాను.

కొరియర్ మనిషి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. మహేశ్వరి ఓ పక్కన బీకర్లు తుడిచి బీరువాలో సర్దుతోంది. ప్రణీత్ ఆఖరి విడత పొడి ఉన్న పింగాణీ గిన్నెను చేతిలోకి తీసుకుని, "ఇది జర బరువుగ కొడుతుంది మేడం. మిగిలినయి తేలికగ ఉండె" అన్నాడు. వెంటనే తనకే ఏదో గుర్తొచ్చినట్టు అటు తిరిగి, "అక్కా, మొన్న నేను సామాను దింపుకోను గేటు కాడికి పోయినప్పుడు నిన్ను ఇక్కడ ఉంచి పోయిన గదా. అప్పుడు ఇది మంచిగ పొంగిందా?" అని అడిగాడు.

మహేశ్వరి చేతిలో బీకరు అక్కడే ఆగిపోయింది.

"గది పొంగాల్నా?"

"పొంగకుంటె ఎట్ల అక్కా? పొంగితెనె గద సక్కగ తయారైతది" అని నవ్వుతూ ప్రణీత్ గిన్నెను సీసా మీదికి వంచబోయాడు.

ఆమె ఒక్క ఉదుటున వచ్చి, గ్లౌజు తొడుక్కున్న అరచేతిని సీసా మూతికి అడ్డం పెట్టింది. కొంచెం నల్లపొడి ఆమె చేతి మీద రాలింది.

"ఏంది మహేశ్వరీ గిది? చెయ్యి తియ్యి!" అని అరిచాను.

"తియ్య మేడం. అండ్ల పొయ్యనియ్యకుండ్రి. గా గిన్నెల ఉన్నదాంట్ల నీళ్ళు పడ్డయి. నేనే సల్లిన."

ముందు నాకు అర్థం కాలేదు. ఆమె చెబుతుంటే మెల్లగా అర్థమైంది. పొగగూడు దగ్గరికి ఆమెను మేం ఎప్పుడూ రానిచ్చేవాళ్ళం కాదు. కాబట్టి ఆ జిగురు పొంగడం ఆమె అంతకుముందు చూడనేలేదు. ఆ రోజు ప్రణీత్ అటు వెళ్ళగానే అది కదలడం మొదలుపెట్టింది, నురగ బీకరు అంచు దాకా లేచింది. పాలవాళ్ళ ఇంటి కోడలికి అంచు దాకా లేచిన నురగ కనబడితే ఏం చేస్తుంది? పక్కనే సింకులో నల్లా తిప్పి, దోసెడు నీళ్ళు పట్టి చల్లేసింది. పొంగు అణిగిపోయింది. గండం గడిచిందనుకుని, ప్రణీత్ వచ్చేలోపు అంచులు కూడా తుడిచిపెట్టింది. ఆ తర్వాత అది పొంగకుండానే మెల్లగా మాడి నల్లబడితే, ప్రణీత్ వచ్చి చూసి పొంగే ఉంటుందనుకున్నాడు. వాళ్ళ అత్త దగ్గర ఆమె నేర్చుకున్న మొదటి పాఠం అదే: పాలు పొంగి నిప్పుల్లో పడితే బర్రె పొదుగు పగులుతుంది, కాబట్టి చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి పొంగును ఆపాలి.

పైగా మా నల్లాలో వచ్చేది బోరు నీళ్ళు. అందులో ఉన్న సున్నంతో గోడకు వెల్ల వేసుకోవచ్చు.

నేను ఇంతెత్తున లేచాను. ఆ రోజు నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. "ఎవరు చెప్పిన్రు నీకు నీళ్ళు సల్లమని? సల్లినదానివి అప్పుడే ఎందుకు చెప్పలె?" అని నిలదీశాను.

"తప్పని తెల్వలె మేడం. మంచి చేసిననే అనుకున్న. పొంగాల్నని ఇప్పుడే గద ఎరికైంది."

"ఇగ చాలు. ఇంటికి పో!"

ఆమె గ్లౌజులు తీసింది, కోటు విప్పి మడతపెట్టి స్టూలు మీద ఉంచింది, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. నేను పొమ్మన్నది ఆ పూటకు. కోపంలో ఉన్నవాళ్ళు అంత వివరంగా మాట్లాడరు కదా.

కొరియర్ మనిషిని వెనక్కి పంపి, ఆ గిన్నెలో పొడిని విడిగా పరీక్షించాం. ఎక్స్‌రే తీస్తే ఉండాల్సిన గీతల మధ్య ఉండకూడని గీతలు కనిపించాయి. లోహాలు సమంగా కలవకుండా ఒక్కోటి ఒక్కో పక్కన గడ్డకట్టాయని వాటి అర్థం. ఆ పొడితో గుండీ అంత బ్యాటరీ చేసి ఛార్జి పెడితే, పై వోల్టేజి దగ్గర నిలబడనే లేదు. ఆ గుప్పెడు పొడి సీసాలో కలిసి ఉంటే మొత్తం సరుకు నాశనమయ్యేది. అదీ మా కళ్ళముందు కాదు, పుణెలో, మా పేరు రాసి ఉన్న సీసాలో. వాళ్ళు ఒకసారి చూసి పక్కన పడేసేవాళ్ళు. సైకిళ్ళ షెడ్డును రెండోసారి ఎవరు పిలుస్తారు?

ప్రణీత్ ఆ గ్రాఫు ముందు చాలాసేపు కూర్చుని, "అక్క చెయ్యి పెట్టకుంటె మన పని ఖతమైతుండె మేడం" అన్నాడు. కంపెనీవాళ్ళకు ఫోన్ చేసి ఇంకొంచెం గడువు అడిగాను. నేను భయపడినంత లొల్లి ఏమీ కాలేదు, తొందరపడవద్దని వాళ్ళే మర్యాదగా చెప్పారు.

మర్నాడు మహేశ్వరి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఇక కాలేజీ అయిపోయాక నేనే ఆటో ఎక్కి గౌలిపుర వెళ్ళాను.

సందు మొదట్లోనే నాగమణమ్మ అనే పక్కింటావిడ ఎదురైంది. నన్ను పైనుంచి కింది దాకా చూసి, "మీరేనా మేడం? పనికి ఎందుకు పోతలేవంటె మహేశ్వరే చెప్పింది, మీ కాడ నీళ్ళు కలిపిందంట గద? పని మాన్పిచ్చిన్రంట? ముసలామె ఉన్నన్ని దినాలు ఈ ఇంటి మీదికి గట్లాంటి మాట రాలె" అంది. చుట్టుపక్కల గుమ్మాల్లో ఉన్న తలలన్నీ ఇటు తిరిగాయి.

నాకు అప్పుడు తెలిసింది ఆమె పోగొట్టుకున్నది ఒక్క పని మాత్రమే కాదని. ఏదో ఒక పని ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. పాలు పోసి బతికిన ఇంటి మీద పడిన నీళ్ళ మాటను ఎవరు తుడుస్తారు? బర్రెలు లేవు, కొట్టం లేదు, ఆ ఇంటికి మిగిలింది అత్త పేరొక్కటే. నేను కోపంలో అరిచిన అరుపు దాన్ని కూడా తీసుకుపోయింది.

లోపల బుచ్చయ్య నన్ను చూసి, కుర్చీ చూపించి, తల దించుకున్నాడు. మహేశ్వరి వంటింటి గడపలో నిలబడింది. దగ్గరికి రాలేదు.

"ఎందుకు వస్తలేవు?" అని అడిగాను.

"పాలల్ల నీళ్ళు దొరికిన ఇంటికి మల్ల మొఖం చూపియ్యద్దని మా అత్త చెప్పేది మేడం. వాళ్ళు వద్దనేదాక చూడద్దు, మనమే మానుకోవాలె అనేది. అందుకె రాలె."

"దొరికినయా? ఎవరికి దొరికినయి? నువ్వు చెప్పినవు. దొరుకుడు వేరు, చెప్పుడు వేరు!" నా గొంతు మళ్ళీ లేచింది. లేవనిచ్చాను. "నువ్వు చెప్పకపోతె మాకు తెలిసేటిదే కాదు. దసరాకు పర్మనెంట్ అయితుండె నీకు. చెప్తె పని పోతదని తెల్వదా?"

"తెల్సు."

"మరి ఎందుకు చెప్పినవు?"

ఆమె కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ నిలబడింది. బుచ్చయ్య తల ఎత్తి భార్య వైపు చూశాడు. ఆ ప్రశ్న అతను కూడా అడగలేదని నాకు అర్థమైంది.

"ఇంట్ల కాగే పాలు పొంగితె నీళ్ళు సల్లుతం మేడం. ఏముంది, మనమే తాగుతం. బయటికి పొయ్యే పాలల్ల మా అత్త జిందగీల ఒక్క చుక్క పడనియ్యలె. గా సీస బయటికి పోతుండె. ఒక్కసారి మూత పెడితె ఇగ ఎవలకు తెల్వదు. నాకొక్కదానికె తెల్సు. గదే మస్తు భయమైంది."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను అంత తొందరగా ఏడ్చే మనిషిని కాదు, మా అమ్మ పోయినప్పుడు కూడా ముందు పురోహితుడితో పోట్లాడి తర్వాత ఏడ్చాను. లేచి వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. "నా పేరు నిలబెట్టినవు మహేశ్వరీ. నా పనిని, ప్రణీత్ చదువును గూడ నిలబెట్టినవు. నేనేమో నిన్ను ఇంటికి పొమ్మన్న. నీ మేలు ఎన్నటికి మరువ" అన్నాను.

కానీ ఆ మాటలు నాలుగు గోడల మధ్య చెబితే సరిపోదు. నీళ్ళ మాట పుట్టింది సందులో. అక్కడే తీరాలి.

బయటికి వచ్చాను. నాగమణమ్మ కదలకుండా అక్కడే ఉంది, ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా చేరారు. దేవుడు నాకు అందం పెద్దగా ఇవ్వలేదు గానీ, వెనక బెంచీ దాకా మైకు లేకుండా వినిపించే గొంతు ఇచ్చాడు. దాన్ని నేను ఎప్పుడూ తిట్టడానికే వాడాను. ఆ సాయంత్రం మొదటిసారి మంచి పనికి వాడాను.

"వినుండ్రి అందరు! మహేశ్వరి నీళ్ళు కలపలె. మేం తయారుచేసే సరుకు పొంగుతుంటె, పాలనుకొని ఆపింది. అది పొంగాల్నని మేమే ఆమెకు చెప్పలె. తెలిసిన నిమిషంల, ఎవరు నిలదియ్యకముందే, తన పని పోతదని తెలిసి గూడ, చెయ్యి అడ్డం పెట్టి నిజం చెప్పింది. చెప్పకపోతె మా సరుకు మొత్తం పాడైతుండె. మా అమ్మ ఈ ఇంటి పాలను ఎన్నడు పరీక్ష చెయ్యలె. నేను ఈ ఇంటి మాటను చెయ్య. ఆమెను ఎవరు మాన్పియ్యలె. దసరా దాకా ఆగుడు గూడ లేదు, రేపే పర్మనెంట్ చెయ్యమని నేను చెప్తున్న!"

నాగమణమ్మ పమిట సర్దుకుని, "నేను గదే అనుకున్న మేడం, ముసలామె కోడలు గట్ల ఎందుకు చేస్తదని" అంది. మాట మార్చడంలో మా కాలేజీ ప్రిన్సిపాల్‌కు కూడా అంత నేర్పు లేదు. ఎవరో నవ్వారు. లోపలి నుంచి బుచ్చయ్య, "ఓ మహేశ్వరీ, మేడంకు చాయ్ పెట్టు" అని గట్టిగా పిలిచాడు. ఆ మాట సందంతా వినాలన్నట్టు పిలిచాడు.

చాయ్ తాగేటప్పుడు మహేశ్వరి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది గానీ అవి ఎర్రగానే ఉన్నాయి.

"రేపు పొద్దుగాల ఇంకో విడత పెడుతున్నం" అన్నాను. "ఈసారి గూటి కాడ నువ్వే నిలబడాలె. చూసుకో, అది మస్తు పొంగుతది."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పొంగును ఆపడమే నేర్చుకున్న మనిషి.

"పొంగనియ్యిండ్రి మేడం" అంది. "చేతులు కట్టుకొని నిలబడ్త."